నా చార్టులో చోటు దొరకని నల్లమచ్చ

ఆ సోమవారం సాయంత్రం షిఫ్టు దిగి భవానీపురంలోని మా ఫ్లాట్‌కి వచ్చేసరికి హాల్లో ఫ్యాను ఆగి ఉంది. కరెంటు పోలేదు. నా భార్య సౌజన్య భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని సోఫాలో ఒక మూలకు ఒదిగి కూర్చుంది. తనకు అప్పటికి ఐదో నెల నిండి వారమైంది. కడుపుతో ఉన్నప్పటి నుంచీ తనకు ఒకటే ఉక్క. ఫ్యాను ఐదు మీద నుంచి నాలుగుకు తగ్గిస్తే ఒప్పుకునేది కాదు. అలాంటి మనిషి ఫ్యాను కట్టేసుకుని కూర్చోవడమే నాకు కనపడిన మొదటి లక్షణం. థర్మామీటర్ పెట్టాను. 101.4.

నేను ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీర్‌ని. గేజ్‌లు చూడటం, రాయడం, తేడా వస్తే ఏ గేజ్ అబద్ధం చెబుతోందో పట్టుకోవడం నా పని. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా నేను ముందు చేసేది కాగితం తీయడం. ఆ సాయంత్రమూ అదే చేశాను. తెల్లకాగితం అడ్డంగా పెట్టి, స్కేలుతో గీతలు గీసి, పది కాలమ్స్ వేశాను. టైము, టెంపరేచర్, పల్స్, బీపీ, వేసిన మాత్ర, తాగిన నీళ్ళు, యూరిన్, వాంతి, రాష్, కదలిక. చివరిది బిడ్డ కోసం. అంతకు రెండు వారాల ముందు నుంచే సౌజన్యకు లోపల కదలిక తెలుస్తోంది. చేపపిల్ల తోక విదిలించినట్టు ఉందని చెప్పింది. కదిలినట్టు తను చెప్పినప్పుడల్లా ఆ గడిలో ఒక టిక్ పెట్టాలని నా ఆలోచన.

సౌజన్య ఆ కాగితం చూసి నవ్వింది. "మీ బాయిలర్ కన్నా నాకే ఎక్కువ రీడింగులు తీస్తున్నారు," అంది.

మంగళవారం పొద్దున్నే తనను మామూలుగా చూపించే గైనకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఒళ్ళునొప్పులు, కళ్ళ వెనక నొప్పి ఉన్నాయని చెప్పింది. డాక్టర్ గుండె చప్పుడు వినిపించి, బేబీ బాగుందన్నారు. పారాసిటమాల్ రాసి, జ్వరం తగ్గకపోతే మూడో రోజు బ్లడ్ టెస్టులు చేద్దామన్నారు. ఆ రోజు మా యూనిట్ షట్‌డౌన్ పని ఉంది. సౌజన్యను ఇంట్లో దింపి డ్యూటీకి వెళ్ళాను. రీడింగులు వాట్సాప్‌లో పంపమని చెప్పాను. నేను వాటిని ఫోన్‌లో చూసి, ఇంటికి వచ్చాక చార్టులోకి ఎక్కించాను.

అదే సాయంత్రం అవనిగడ్డ వైపు నుంచి బస్సులో అత్తగారు వచ్చారు. సౌజన్య పుట్టింటి నుంచి తిరిగొచ్చి అప్పటికి తొమ్మిది రోజులే. ఐదో నెలలో కూతురికి చలిమిడి పెట్టాలని ఆవిడే తీసుకెళ్ళి పది రోజులు ఉంచుకున్నారు. మళ్ళీ ఇంత త్వరగా రావలసి వస్తుందనుకోలేదని చెబుతూ, సంచీ కింద పెట్టకుండానే కూతురి నుదురు తాకి చూశారు.

మూడో రోజు, బుధవారం, ఎన్‌ఎస్1 పాజిటివ్ వచ్చింది. అంటే డెంగీ. ప్లేట్‌లెట్స్ లక్షా పద్దెనిమిది వేలు. నిజం చెప్పాలంటే నాకు కాస్త ఊపిరి వచ్చింది. శత్రువు పేరు తెలిసింది. ఆ పేరుతో నెట్‌లో ఉన్నదంతా చదివాను. చార్టులో పదకొండో కాలమ్ గీశాను, ప్లేట్‌లెట్స్ అని.

గురువారం ఎనభై ఎనిమిది వేలకు పడితే గైనకాలజిస్ట్ సలహా మీద దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. అక్కడి నుంచి మా జీవితం ఆ ఒక్క అంకె చుట్టూ తిరిగింది. పొద్దున ఆరింటికి రక్తం తీస్తారు. పదింటికి రిపోర్ట్ వస్తుంది. పదింటి తర్వాత బంధువులు ఫోన్లు చేస్తారు. ఎంత ఉన్నాయి, అని తప్ప ఎలా ఉంది అని అడిగినవాళ్ళు తక్కువ.

చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ కివీలు, డ్రాగన్ ఫ్రూట్‌లు తెచ్చారు. మా పక్క ఫ్లాట్ ఆవిడ స్టీలు డబ్బాలో బొప్పాయి ఆకు రసం పట్టుకొచ్చింది.

"రెండు చెంచాలు పట్టించండి పిన్నిగారూ, తెల్లారేసరికి లక్ష దాటకపోతే నన్నడగండి."

"కడుపుతో ఉన్న పిల్లకి బొప్పాయా తల్లీ?" అత్తగారు డబ్బా మూత తిరిగి పెట్టేశారు. "నువ్వు చూడ్డానికొచ్చావు, చూశావు. కాఫీ తాగి వెళ్ళు."

మంచం మీద నుంచి సౌజన్య నన్ను చూసి కళ్ళతోనే నవ్వింది. తను నవ్వడం మళ్ళీ చాలా రోజులు చూడలేదు.

శుక్రవారం అరవై ఒక్క వేలు. శనివారం యాభై నాలుగు. ఆదివారం యాభై తొమ్మిది. అంకె పైకి తిరిగింది. డ్యూటీ డాక్టర్ మాకన్నా చిన్నవాడు, మంచివాడు, నాలుగు రోజులుగా సరిగా నిద్రపోనట్టు ఉన్నాడు. రిపోర్ట్ ఊపుతూ వచ్చాడు. "ప్లేట్‌లెట్స్ టర్న్ అయ్యాయండీ. ఇక భయం లేదు." అత్తగారు అతనికి చేతులెత్తి దణ్ణం పెట్టారు.

నా చార్టు మాత్రం ఇంకోలా ఉంది. డెంగీలో జ్వరం మామూలుగా ఐదో రోజు, ఆరో రోజుకు దిగిపోతుందనీ, దిగాకే ప్లేట్‌లెట్స్ గురించి జాగ్రత్తగా ఉండాలనీ వాళ్ళే చెప్పారు. ఇక్కడ ఏడో రోజు 103.2 ఉంది. పొడి దగ్గు కొత్తగా మొదలైంది. లివర్ టెస్టుల్లో ఎస్‌జీఓటీ పెరిగింది. ప్లాంట్‌లో రెండు గేజ్‌లు ఒకదానితో ఒకటి పొసగకపోతే, చూడని మూడోది ఏదో ఉందని అర్థం. చార్టు తీసుకెళ్ళి ఆ డాక్టర్‌కి చూపించాను. అతను శ్రద్ధగానే చూశాడు. "వైరల్ కదండీ, ఒక్కో బాడీ ఒక్కోలా రెస్పాండ్ అవుతుంది. ఇంకో రోజు చూద్దాం," అన్నాడు. వాళ్ళను నేను తప్పుపట్టడం లేదు. ఎన్‌ఎస్1 నిజంగానే పాజిటివ్. ఆ వార్డులో ఉన్న సగం మందికి డెంగీయే.

ఆ ఆదివారం పొద్దున చార్టులో కదలిక దగ్గర ఒక టిక్ ఉంది. అదే చివరిది. అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు.

సోమవారానికి సౌజన్య మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకుంటోంది. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 91 చూపించింది. ఇంకో వేలికి మార్చి చూశాను. 91. ఆ నర్సింగ్ హోమ్ వాళ్ళే అంబులెన్స్ పిలిచి, బెంజ్ సర్కిల్ వైపు ఉన్న ఒక పెద్ద ఆసుపత్రికి పంపించారు. అంబులెన్స్‌లో తను నా చొక్కా అంచు పట్టుకుంది. చెయ్యి పట్టుకుందామంటే ఆ చేతికి సెలైన్ సూది ఉంది.

ఐసీయూలో చూసిన ఫిజీషియన్ యాభై దాటిన ఆవిడ. ఫైలు కన్నా ముందు నా చార్టే అడిగి తీసుకున్నారు. నిలబడి చదివారు.

"జ్వరం ఎనిమిది రోజుల్లో ఒక్కసారి కూడా బేస్‌లైన్‌కి రాలేదు," అన్నారు. "ఈ మధ్య ఊరు ఏదైనా వెళ్ళిందా? పొలాలు, గడ్డి, తుప్పలు ఉండే చోటు?"

పుట్టింటికి వెళ్ళొచ్చిందని చెప్పాను.

"ఒంటి మీద నల్లటి పెచ్చులాంటిది ఎక్కడైనా చూశారా?"

"లేదు మేడం. రాష్ కాలమ్‌లో రోజూ నిల్ అని రాశాను."

"రాష్ కాదండీ, ఒకే ఒక్క మచ్చ. సరే, మీరు బయట ఉండండి."

కర్టెన్ వేశారు. నేను బయట అత్తగారి పక్కన నిలబడ్డాను. లోపల ఆవిడ సిస్టర్‌ని టార్చి పట్టుకోమనడం, తడి దూది తెమ్మనడం వినిపించింది. నాలుగైదు నిమిషాలు పట్టింది. తర్వాత పిలిచి నన్ను చూడమన్నారు.

కుడివైపు నడుము మీద, సరిగ్గా లంగా నాడా కట్టుకునే చోట, పసుపు తుడిచిన చర్మం మధ్య ఒక మచ్చ. చిటికెన వేలి గోరంత ఉంది. మధ్యలో నల్లగా ఎండిన పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. సిగరెట్‌తో కాల్చినట్టు ఉంది.

"దీన్ని ఎస్కార్ అంటారు. స్క్రబ్ టైఫస్. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు," అన్నారు. "డెంగీ కూడా అబద్ధం కాదు. డెంగీ ఉంది, దాంతోపాటు ఇదీ ఉంది. రెండూ వానల తర్వాతే వస్తాయి. రిపోర్ట్ కోసం ఆగను, మందు ఇప్పుడే మొదలుపెడుతున్నాను."

మామూలుగా దీనికి డాక్సీసైక్లిన్ ఇస్తారట. కడుపుతో ఉంది కాబట్టి అజిత్రోమైసిన్ నరంలోకి ఎక్కించారు. ముక్కుకు గొట్టాలు పెట్టి హై ఫ్లో ఆక్సిజన్ ఇచ్చారు. స్కాన్ చేసి బిడ్డ గుండె కొట్టుకుంటోందని చెప్పారు. ఎలా ఉందని అడిగితే, ఉంది, అని మాత్రం అన్నారు. రక్తం తీసి పంపిన ఫారం మీద టిక్స్, మైట్స్ వల్ల వచ్చే జ్వరాల ప్యానెల్ అని రాసి ఉంది. మర్నాడు స్క్రబ్ టైఫస్ ఐజీఎం టెస్ట్ పాజిటివ్ వచ్చింది. డెంగీ ఐజీఎం కూడా పాజిటివ్.

అత్తగారికి టిక్ అంటే పశువులకు పట్టే గోమారి అని ఎవరో చెప్పారు. "మా ఇంట్లో గేదెలే లేవు, గోమారి ఎక్కడిది?" అని డాక్టర్‌ని అడిగారు. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఇది గోమారి కాదు, దాని చుట్టం. కంటికి కనపడనంత చిన్న పురుగు. దాని పిల్ల గడ్డిలో, తుప్పల్లో ఉండి మనిషికి అంటుకుంటుంది. బట్ట బిగుతుగా ఉండే చోట ఆగి కుడుతుంది.

అది విన్నాక అత్తగారు నెమ్మదిగా గోడవైపు తిరిగారు. వాళ్ళ ఇంటి ముందు కాలువ. వానలకు పెరట్లో తీగ మీద బట్టలు ఆరక, ఆ పది రోజులూ చీరలూ లంగాలూ కాలువ గట్టు మీద పచ్చగడ్డిపై పరిచి ఆరేశారు. ఆ ఊళ్ళో అందరూ ఎప్పటి నుంచో చేసే పనే. నేలకు తగలకుండా, గడ్డి మీద ఎండ బాగా పడుతుందని. అలా ఆరిన లంగాయే సౌజన్య కట్టుకుంది. పురుగు అక్కడే ఎక్కిందని ఎవరూ రుజువు చేయలేరు. సాయంత్రాలు తను ఆ గట్టు మీద కూర్చుంది కూడా. కానీ ఆవిడకు ఆ లంగాలే గుర్తొచ్చాయి.

నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. దూదికి అంటిన పసుపు. ఆ రోజంతా ఐసీయూ బయట కారిడార్‌లో ఉన్నాం. మధ్యాహ్నం ఆవిడ నాకోసం ఇడ్లీ పొట్లం తెచ్చి విప్పుతుంటే, గోళ్ళ సందుల్లో ఇంకా పసుపు కనపడింది. నేను అన్నాను.

"మీరు పసుపు రాయకుండా ఉంటే ఆ మచ్చ నాలుగు రోజుల ముందే ఎవరికో ఒకరికి కనపడేది అత్తయ్య గారూ."

ఆవిడ పొట్లం నా పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, కాస్త దూరంగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు. నేను ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నా చార్టు నా చేతిలో ఉంది. అందులో ప్రతి గంటా నిండి ఉంది. నావైపు తప్పు లేదని అది చెబుతున్నట్టే అనిపించింది.

బుధవారం పొద్దున, మందు మొదలుపెట్టి రెండు రోజులు కాకముందే, జ్వరం 99.6కు దిగింది. పది రోజుల్లో మొదటిసారి. ఆక్సిజన్ కొంచెం తగ్గించారు. నేను ఆ అంకె చుట్టూ సున్నా చుట్టాను. అదే వరుసలో, కదలిక కాలమ్‌లో, మూడు రోజులుగా ఏమీ లేదు. సౌజన్యను అడిగాను. జ్వరంలో తెలియలేదేమో, అంది. తర్వాత కొంచెం సేపటికి, "తెలిసేదే," అంది.

ఆ ఆసుపత్రి గైనకాలజిస్ట్ వచ్చి స్కాన్ ప్రోబ్ పెట్టి చాలాసేపు వెతికారు. స్క్రీన్ మాకు కనపడకుండా తిప్పుకున్నారు. అప్పుడే నాకు అర్థమైంది. "సారీ అండీ. హార్ట్‌బీట్ లేదు," అన్నారు. సౌజన్య పైకప్పు వైపు చూస్తూ, "నాకు తెలుసు మేడం," అంది.

తన ఊపిరి కుదుటపడేదాకా ఒక రోజు ఆగారు. ప్లేట్‌లెట్స్ ఎక్కించారు. తర్వాత నొప్పులు రావడానికి మాత్రలు పెట్టారు. శుక్రవారం ఉదయం కాన్పు అయింది. ఆ మాటే వాడారు. ఇంకో మాట ఉన్నట్టు లేదు.

సిస్టర్ గుడ్డలో చుట్టి పట్టుకుని, చూస్తారా, అని అడిగింది. తల్లి చూడకూడదని అత్తగారు అడ్డం వచ్చారు.

"నేను చూస్తానమ్మా."

"వద్దు నాన్నా. చూస్తే మరిచిపోలేవు."

"చూడకపోయినా మరిచిపోనుగా."

అత్తగారు పక్కకు జరిగారు. ఆడపిల్ల. వేళ్ళన్నీ ఉన్నాయి. బరువు నాలుగు వందల ముప్పై గ్రాములని సిస్టర్ చెప్పింది. నేను జేబులోంచి చార్టు తీసి, కదలిక కాలమ్‌లో 430 అని రాశాను. ఆ కాలమ్ అందుకోసం కాదు. అయినా ఇంకెక్కడ రాయాలో నాకు తెలియలేదు. ఆ చార్టులో నేను రాసిన చివరి అంకె అదే. ఊరి నుంచి వచ్చిన మామగారూ నేనూ కలిసి మధ్యాహ్నంలోగా మట్టి చేసి వచ్చాం.

పదిహేడో రోజు సౌజన్యను ఇంటికి పంపించారు.

డిశ్చార్జ్ అయ్యాక, ఫిజీషియన్ అడిగితే ఇవ్వడానికి చార్టుకు నీటుగా ఇంకో కాపీ రాస్తున్నాను. ఒక్కో రీడింగ్ ఎక్కడి నుంచి వచ్చిందో సరిచూసుకుంటూ రాయడం నా అలవాటు. మొదటి మంగళవారం, 11.45, 102.2. ఆ టైముకు నేను ప్లాంట్‌లో ఉన్నాను. అంటే అది సౌజన్య వాట్సాప్‌లో పంపింది. ఫోన్ తీసి వెనక్కి వెళ్ళాను.

11.40కి సౌజన్య: "నడుం దగ్గర నాడా కింద పొక్కులా ఏదో ఉందండీ. నొప్పి లేదు. వచ్చాక చూడండి."

11.42కి నేను: "సరే. టెంప్ ఎంత?"

11.45కి సౌజన్య: "102.2"

అంతే. చివరి అంకె చార్టులోకి వెళ్ళింది. మొదటి వాక్యానికి చార్టులో చోటు లేదు. నేను దాన్ని చదివాను, సరే అన్నాను, ఇంటికి వెళ్ళాను, చూడలేదు. గుర్తు కూడా లేదు.

అత్తగారు బాల్కనీలో కూర్చుని మల్లెపూలు కడుతున్నారు. అది మల్లెల కాలం కాదు. దొరికిన కాగడా మల్లెలే మామగారి చేత మార్కెట్ నుంచి తెప్పించారు. అవి తలలోకి కాదు. బిడ్డ లేకపోయినా సౌజన్యకు పాలు పడ్డాయి. డాక్టర్ మాత్రలు ఇచ్చారు. రొమ్ముల మీద మల్లెలు కడితే పాలు వెనక్కి పోతాయని ఆవిడ తన పద్ధతిలో తనూ చేస్తున్నారు. అంతకుముందైతే దీనికి ఆధారం ఏమిటని అడిగేవాడిని. ఇప్పుడు పక్కన కింద కూర్చున్నాను.

"అత్తయ్య గారూ, మీకొకటి చూపించాలి."

ఆవిడ ఫోన్ వైపు చూడలేదు. "ఆ మెసేజేగా బాబూ," అన్నారు.

"మీకు తెలుసా?"

"నేను దిగిన సాయంత్రమే చెప్పిందిగా. ఆయనకి మెసేజ్ పెట్టానమ్మా, చూస్తారు, అంది. తెల్లారి అడిగితే నాడా ఒరుపేలే, ఏం లేదులే, అంది. మీరు చూసే ఉంటారనుకున్నా. చదువుకున్నవాళ్ళు, గంటగంటకీ అన్నీ రాస్తున్నారు. మీరు చూసి ఏం లేదన్నాక ఇంక నేనెవర్ని అనుకుని పసుపూ కొబ్బరినూనే రాశా."

ఆవిడ ఇంకో నాలుగు పూలు కట్టారు.

"మరి ఆ రోజు కారిడార్‌లో నేను అంత మాట అంటే ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్తే ఏమొస్తుంది? పిల్ల లోపల ఆక్సిజన్ మీద ఉంది. మీ చేతిలో ఆ కాగితం ఒక్కటే ఉంది. అది కూడా లాక్కోమంటారా?"

నేను క్షమించమని అడిగాను. ఆవిడ కట్టిన దండ నా చేతికిచ్చి, లోపలికి తీసుకెళ్ళి ఇమ్మన్నారు.

సౌజన్యకు కూడా చెప్పాను. తను ఫోన్ తీసుకుని ఆ మూడు మెసేజులూ చదివింది. "మీరు అడిగిందానికి జవాబు చెప్పాను. ఇంకేం గుర్తులేదు," అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

నాలుగు రోజుల ముందే మందు పడి ఉంటే బిడ్డ దక్కేదా అని ఫిజీషియన్‌ని రివ్యూకి వెళ్ళినప్పుడు అడిగాను. ఆవిడ నేను తెచ్చిన నీటు కాపీని పక్కన పెట్టి చెప్పారు. "తెలియదండీ. రెండు ఇన్ఫెక్షన్లు కలిశాయి. దేనివల్ల ఏది జరిగిందో విడదీయలేం. దక్కి ఉండొచ్చు. దక్కకపోయి ఉండొచ్చు. ఇంకో రోజు ఆలస్యమైతే ఈ అమ్మాయీ ఉండేది కాదేమో. అది మాత్రం చెప్పగలను." కచ్చితమైన జవాబు కోసం వెళ్ళినవాడిని, ఆ జవాబుతో తిరిగొచ్చాను. ఇప్పటికీ నా దగ్గర ఉన్నది అదే.

ఇది జరిగి ఏడాది దాటింది. మొదటి మూడు నెలలు సౌజన్య మా ఫ్లాట్ మెట్లు రెండు అంతస్తులు ఎక్కడానికి మధ్యలో ఆగాల్సి వచ్చింది. జుట్టు గుప్పెళ్ళతో ఊడి మళ్ళీ వచ్చింది. ఎడమ చెవిలో హోరు కొన్నాళ్ళు ఉండి పోయింది. వేసవి సెలవుల తర్వాత తన కాలేజీకి తిరిగి వెళ్ళింది, పాఠాలు చెబుతోంది. నడుం మీద పెచ్చు ఊడిపోయి చిన్న తెల్లమచ్చ మిగిలింది. ఇంకో బిడ్డ గురించి డాక్టర్లు ఎప్పుడైనా అనుకోవచ్చన్నారు. మేం ఇంకా అనుకోలేదు. అత్తగారు బట్టలు ఆరేయడానికి ఇంటి మేడ మీద కొత్త తీగలు కట్టించారు. గట్టు మీద ఆరేసే వాళ్ళందరికీ ఆవిడే వెళ్ళి చెబుతున్నారట. కొందరు వింటున్నారు. కొందరు, మా అమ్మమ్మల నాటి నుంచీ ఆరేస్తున్నాం, మాకేం కాలేదు, అంటున్నారట.

ఇది చదువుతున్న మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉంటే ఒక్క మాట. నేను డాక్టర్‌ని కాను, మందుల గురించి చెప్పను. జ్వరం నాలుగైదు రోజులు దాటిందంటే, డెంగీ అని ఇప్పటికే రిపోర్ట్ వచ్చినా సరే, ఆ మనిషిని మంచి వెలుతురులో తల నుంచి పాదాల దాకా ఒకసారి చూడండి. చంకలు, నడుం, గజ్జలు, రొమ్ముల కింద, చెవుల వెనక. ఆడవాళ్ళయితే ఇంట్లో ఆడవాళ్ళు చూడండి, సిగ్గుపడితే నర్సును అడగండి. పసుపు, నూనె, పౌడర్ ఏది రాసి ఉన్నా తుడిచి చూడండి. నొప్పి లేని నల్లటి పెచ్చు ఒక్కటి కనపడినా డాక్టర్‌కి చూపించి, ఇది స్క్రబ్ టైఫస్ కావచ్చా, అని నోరు తెరిచి అడగండి. అది అడగడానికి చదువు అక్కర్లేదు. నాకు చదువు ఉంది, అడగలేదు.

పోయిన నెలలో సౌజన్యకు జలుబు చేసి ఒళ్ళు వెచ్చబడింది. ఫ్యాను ఆపమంది. నా చెయ్యి అలవాటుగా సొరుగులోంచి కాగితం, స్కేలు తీసింది.

"గీతలు తర్వాత గీసుకుందురు గానీ," అంది. "ముందిలా కూర్చోండి. చెప్తాను."

కూర్చున్నాను. తను చెప్పినంతసేపూ పెన్ను మూత తీయలేదు.